లిడియా పంచిన అద్దాలు

ప్రొద్దుటూరులో లిడియా వీధిలోకి అడుగు పెట్టిందంటే జనం ముందుగా కాళ్లు దాచుకుంటారు. అరుగుల మీద కాళ్లు చాపుకొని కబుర్లాడుకునే ఆడవాళ్లు గబుక్కున కుచ్చిళ్లు కిందికి లాక్కుంటారు. సిగ్గుతో కాదు, భయంతో. పాదం ఆమె కంట పడిందా, ఇక తప్పించుకునే దారి ఉండదు. "ఏదీ, అరికాలు తిప్పు" అంటుంది. పెళ్లి పందిరైనా అంతే, చర్చి గుమ్మమైనా అంతే. ఒకసారి పాస్టరు గారు మోకాళ్లూని ప్రార్థన చేసి ఆమేన్ అన్నారో లేదో, వెనకనుంచి, "అయ్యగారూ, ఆ మడమ పగుళ్లకు మందు పూయకుంటే పుండు పడుతుంది" అని వినబడింది. ఆ ఆదివారం ప్రసంగం ఏమిటో ఎవరికీ గుర్తు లేదు గానీ పాస్టరు గారి మడమలు మాత్రం అందరికీ గుర్తున్నాయి.

వీధి పెట్టిన పేరు కాళ్ల టీచరమ్మ. అందులో టీచరమ్మ అన్న మాట నిజమే. ఊళ్లోని ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. భర్త వినోద్ కుమార్‌కు తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం. తెల్లవారక ముందే కంపెనీ బస్సెక్కితే పొద్దుగూకాక దిగుతాడు. కాబట్టి ఇంటి మీద, వీధి మీద పెత్తనమంతా అత్త కరుణమ్మదే.

లిడియాకు ఈ కాళ్ల పిచ్చి ఊరికే పట్టుకోలేదు. ఆమె పుట్టింది జమ్మలమడుగులో. తండ్రి ఫిలిప్ బడిపంతులు, షుగరు మనిషి. ఒక ఎండాకాలం ఆయన చెప్పులోకి నాపరాయి పెచ్చు ఒకటి దూరింది. స్పర్శ పోయిన పాదం, ఏమీ తెలియలేదు. ఆ పెచ్చుతోనే బడికి పోయాడు, వచ్చాడు, సంతకు కూడా పోయాడు. తెలిసేసరికి మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది. ఆసుపత్రి మంచం మీద కూడా, "ఆ ఎడమ చెప్పు ఎవురికన్నా ఇయ్యండి, కొత్తది, పాపం" అని నవ్వించిన మనిషాయన. అందరూ నవ్వారు, లిడియా నవ్వలేదు. అప్పటికే ఆమె నర్సింగ్ చదువుతోంది. పాదం తిప్పి చూడటానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాసేపు ఇంట్లో ఎవరికీ తోచలేదు. చదువుకుంటున్న తనకూ తోచలేదు.

అందుకే ఏళ్ల తరబడి ఒకటే ఆలోచన. షుగరున్న వాళ్లకు రోజూ కాళ్లు చూసుకోండి అని చెబితే తల ఊపి మర్చిపోతారు. అదే, ఎలాగూ చేసే పనికి దీన్ని ముడివేస్తే? ముస్లింలు నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు కాళ్లు కడుగుతారు. క్రైస్తవులు పడుకునే ముందు మోకాళ్లూనుతారు. మిగతా వాళ్లు బయటి నుంచి రాగానే కాళ్ల మీద నీళ్లు పోసుకుంటారు. ఆ పనితో పాటే అరికాలు కూడా ఒకసారి చూసుకుంటే చాలు. వంగలేని వాళ్లకు పిడి ఉన్న చిన్న అద్దం ఇస్తే, నేల మీద పెట్టుకొని దాని పైకి పాదం చాపితే సరి, పుండో పొక్కో కనబడుతుంది.

కాలేజీ కమిటీ అనుమతి తీసుకుంది. ప్రొద్దుటూరులో, పుట్టిన జమ్మలమడుగులో, మొదటి ఉద్యోగం చేసిన పులివెందులలో షుగరున్న ఆడవాళ్లను కలిసి, ఇది పరిశోధన అని చెప్పి, అవసరమైతే ఇండ్లకు కూడా వస్తానని చెప్పి, ఒప్పుకున్న వాళ్లందరికీ అద్దాలు పంచింది. మొదటి అద్దం పక్కవీధి అమీనాబీకి. ఇంట్లో అత్తకూ షుగరే, ఆమెకూ ఒకటి. ఆ పైన వారం వారం అడగడం మొదలుపెట్టింది. దగ్గరి వాళ్లను ఎదురుపడినప్పుడు, దూరం వాళ్లను ఫోనులో.

"కాళ్లు చూసుకుంటున్నారా?"

"చూసుకుంటాండాం మేడం."

అందరిదీ అదే జవాబు. లిడియా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. వ్యాసం రాసి, ఒక నర్సింగ్ పత్రికకు పంపింది. అది అచ్చయితే కాలేజీలో ప్రమోషన్ కూడా వస్తుంది. ఈసారి తనిఖీ వాళ్లు వచ్చేలోపు వ్యాసం అచ్చులో ఉండాలని ప్రిన్సిపాల్ గట్టిగానే చెప్పాడు.

పంపిన మర్నాటి నుంచే కరుణమ్మ మొదలుపెట్టింది.

"ఏమ్మా, నీ యాసం ఎప్పుడేస్తారు?"

"అప్పుడే వెయ్యరత్తమ్మా. ముందు ఇద్దరికి చూపిస్తారు. ఆ శాస్త్రం తెలిసినోళ్లకు. తప్పులుంటే వాళ్లు చెప్తారు."

"ఎవురా ఇద్దరు?"

"తెలీదు. చెప్పరు."

"యా ఊరోళ్లో అన్నా చెప్పరా?"

"చెప్పరు. రాసింది నేనని వాళ్లకూ చెప్పరు."

కరుణమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది. "పేరు చెప్పరు, ఊరు చెప్పరు, తప్పులు మాత్రం చెప్తారా! బాగుందే యవ్వారం. నాకు తెలిసుంటే ఆయమ్మ ఎవురో కనుక్కోని ఒక మాట చెప్పొచ్చుందునే."

"అందుకే చెప్పరు. సంబంధం చూసేదానికి పోయినప్పుడు నువ్వేం చేస్తావు? ఆ వీధిలో నిలబడి, నువ్వెవరో చెప్పకుండా, పిల్లోడు ఎట్లాటోడు అని అడగవా?"

"అడక్కుండా ఎట్ల? మన సుజాత సంబంధం అట్లనే గదా తప్పిపోయింది. తాగుతాడని పాలోడు చెప్పె."

"తన పేరు బయటికొస్తుందని తెలిస్తే పాలోడు చెప్తాండ్యా?"

"సచ్చినా చెప్పడు."

"ఇదీ అంతే. పీర్ రివ్యూ అంటారు."

"అయితే నీ యాసానికి పాలోణ్ని పెట్టినారన్నమాట" అని కరుణమ్మ మళ్లీ చిక్కుడుకాయలు వలుచుకుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పత్రిక పరీక్షకులకు పాలోళ్లు అన్న పేరే ఖాయమైంది.

కొన్ని నెలలకు పాలోళ్ల జవాబు వచ్చింది. మొదటి పాలోడు మెచ్చుకున్నాడు. రెండో పాలోడు కూడా మర్యాదగానే రాశాడు గానీ ఒక ప్రశ్న వేశాడు. 'పాదాలు చూసుకున్నారని మీకెలా తెలుసు? అడిగింది మీరు. చెప్పింది మీరంటే గౌరవం ఉన్నవాళ్లు. మీ మీది మర్యాద కొద్దీ అవునని చెప్పి ఉండవచ్చు కదా?' కింద ఇంకొక చిన్న ప్రశ్న: 'ఇందులో రచయిత బంధువులు ఎవరైనా ఉన్నారా?'

లిడియాకు తిక్క రేగింది. ఎండలో మూడూళ్లు తిరిగింది తాను. ఎక్కడో ఫ్యాను కింద కూర్చొని, మా వాళ్లు అబద్ధాలాడతారంటాడా!

కాలేజీలో పక్క టేబులు సుధీర్ ఇలాంటి వాటిలో ఆరితేరినవాడు. ఆ ఉత్తరం చదివి నవ్వాడు.

"దీనికింత ఆలోచన యాలా మేడం? ముందుగా చెప్పకుండా ఇండ్లకు పోయి సరిచూసినాం అని ఒక్క లైను రాసి పారేయండి. ఆయప్ప ఏమన్నా వచ్చి మన అవ్వల కాళ్లు పట్టుకుంటాడా?"

లిడియా ఆ లైను రాసింది. రాసి, పంపబోయి, ఆగిపోయింది. చిన్నప్పుడు ఆదివారం బడిలో నేర్చుకున్న 'అబద్ధ సాక్ష్యం పలకవద్దు' అన్న ఆజ్ఞ అడ్డం పడింది. రాసింది అబద్ధమైతే కొట్టెయ్యాలి. కొట్టెయ్యడం ఇష్టం లేకపోతే నిజం చెయ్యాలి. నిజం చెయ్యడమే సులువుగా తోచింది. ఏముంది, నాలుగిళ్లకు పోయి వస్తే అయిపోయె. దారిలోనే కదా అమీనాబీ ఇల్లు.

అమీనాబీ చీరలకు ఫాల్స్ కుట్టి, కొంగులకు కుచ్చులు వేసి బతికే మనిషి. కొడుకు జాఫర్ కువైట్‌లో ఉంటే, మనవరాలు ఆస్మాను పెట్టుకొని ఇక్కడ ఉంటుంది. లిడియా వెళ్లేసరికి చుట్టూ చీరల కుప్ప, మధ్యలో ఆమె, నోట్లో దారం.

"రా బేటీ, రా. తిన్నావా?"

"తిన్నా అమీనత్తా" అంది లిడియా. తినలేదు. పొద్దున పెట్టుకున్న డబ్బా బ్యాగులో అట్లే ఉంది.

"కాళ్లు చూసుకుంటున్నావా అత్తా?"

"చూసుకుంటాండా బేటీ."

లిడియా చెవిలో ఏదో గుచ్చుకున్నట్టయింది. తానన్న 'తిన్నా', ఆమె అన్న 'చూసుకుంటాండా', రెండూ ఒకే రాగం. ఎదుటి మనిషి మనసు నొప్పించకుండా, మాట అంతటితో తెగిపోయేలా అనే రాగం. ఈ సీమలో తిన్నావా అని అడిగితే, లేదు, ఆకలిగా ఉంది అని ఎవరన్నారు గనక?

"అత్తా, నేనిచ్చిన అద్దమేది?"

"అద్దమా... ఈడే యాడో..." అమీనాబీ చీరల కుప్పలో వెతకసాగింది.

లోపలి గదిలోంచి ఆస్మా కేక పెట్టింది. "దాదీ, ఒక్క నిమిషం! ఒక కనుబొమ్మ అయిపోయింది, ఇంకోటి చేసి ఇచ్చేస్తా!"

అమీనాబీ తల పైకెత్తలేదు.

"వజూ చేసేటప్పుడన్నా చూసుకోవా?"

"నీళ్లు పోస్తా, చేత్తో రుద్దుతా. చూడాలంటే నడుము వంగొద్దూ? వంగితే మళ్లా లేసేదెట్ల?"

"ఏదీ, అరికాలు తిప్పు."

"ఇప్పుడు యాలా బేటీ, మాసినాయి..."

లిడియా నేల మీద చతికిలబడి ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలి మొదట్లో నల్లటి చుక్క. చుట్టూ వాపు. నొక్కితే చీము.

"నొప్పి లేదా అత్తా?"

"నొప్పా? నిన్న మసీదు దాంకా నడిచిపోయి వస్తిని. నొప్పి యాడిది?"

ఆసుపత్రిలో ఫోటో తీస్తే లోపల సూది ముక్క కనబడింది. డాక్టరు దాన్ని తీసి, పింగాణీ పళ్లెంలో టంగుమని వేశాడు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే వేలు పోయేదనీ, ఇంకా ఆగితే పాదమే పోయేదనీ అన్నాడు. అమీనాబీ అదేమీ వినడం లేదు. పళ్లెంలోకి వంగి చూస్తోంది.

"యా అల్లా! ఇరిగిపోయిన నా సూది ఇది! ఇల్లంతా ఊడ్చి ఎతికితి. ఆస్మాను తిడితి, పిల్లిని తిడితి. తీరా చూస్తే నా దగ్గరే ఉండె!"

డాక్టరు నవ్వాడు, నర్సులు నవ్వారు. లిడియాకు మాత్రం ఎడమ చెప్పు దానం చేసిన తండ్రి గుర్తొచ్చాడు. తాను పంపిన వ్యాసంలో ఈ కాలు 'రోజూ చూసుకుంటున్న వారి' లెక్కలో ఉంది.

ఇక నాలుగిళ్లతో సరిపెట్టుకోవడానికి మనసొప్పలేదు. సెలవు చూసుకొని జమ్మలమడుగు బస్సెక్కింది. కరుణమ్మ తోడు వచ్చింది. రమ్మని ఎవరూ పిలవలేదు గానీ, అంతమంది ఇండ్లలోకి తొంగి చూసే భాగ్యం ఊరికే పోనిచ్చే రకం కాదు ఆమె. ఈసారి లిడియా కాళ్ల సంగతి ఎత్తనే లేదు. ఒకే మాట అడిగింది. "నేనిచ్చిన అద్దం ఒకసారి చూపిస్తారా?"

జమ్మలమడుగులో జమీలా అద్దం ఇంట్లో లేదు, బస్టాండులో ఉంది. కొడుకు రహీం దాన్ని ఆటోకు తీగతో బిగించి కట్టుకున్నాడు. "అద్దం బాగుందమ్మా, ఎనకాల లారీ యాడుండేదీ శానా బాగా కనపడతాది" అని కొనియాడాడు. ఇంకొకరి ఇంట్లో తాతగారు అదే అద్దంలో చూసుకుంటూ, సబ్బు నురగ పూసుకున్న ముఖంతో బయటికి వచ్చాడు. ఇంకొకామె అద్దం కూతురితో పాటు మైదుకూరు అత్తారింటికి పోయింది.

పులివెందులలో ఒక పెద్దామె బీరువా తెరిచి, పట్టుచీరల మధ్యలోంచి కవరు కూడా చించని అద్దం తీసి చూపించింది.

"వాడలేదామ్మా?" అంది లిడియా.

"తప్పు గదా తల్లీ! అద్దమంటే లచ్చిందేవి. దానికి కాలు చూపిస్తారా ఎవురన్నా?"

"మరి ఇచ్చినప్పుడే చెప్పొచ్చు గదమ్మా?"

"అంత ప్రేమగా ఇస్తివి. వద్దంటే నువ్వు నొచ్చుకోవా?"

లిడియా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. చిన్నప్పటి నుంచి ఇదే సీమలో, ఈ జనం మధ్యే పెరిగింది. అద్దం మీదికి కాలు చాపమంటే వీళ్లకెలా ఉంటుందో తనకెందుకు తట్టలేదు?

నిజంగా కాళ్లు చూసుకుంటున్న వాళ్లు లేకపోలేదు. కొద్దిమందే. వాళ్లలో వేముల దారిలో ఉండే ఒకామె మాట లిడియాకు బాగా పట్టింది. "అద్దం యాటికి మేడం? మా ఆయనకూ షుగరే. ఆయన కాలు నేను చూస్తా, నా కాలు ఆయన చూస్తాడు. నాది నేను చూసుకుంటే, ఆ ఏముందిలే అనుకుంటా. ఆయన చూస్తే ఊరుకోడు, నానా యాగీ చేస్తాడు."

తిరుగు బస్సులో లిడియా చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ముద్దనూరు దాటాక ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

"అత్తమ్మా, నీ అద్దం యాడుంది?"

అంతదాకా ఎవరి బీరువాలో ఏముందో పూసగుచ్చినట్టు చెబుతున్న కరుణమ్మ చప్పున నోరు మూసింది. ఆమె కూడా ఇప్పుడు కిటికీలోంచి చూడసాగింది.

"అత్తమ్మా."

"వంటింటి కిటికీకి కట్టినా."

"కిటికీకి యాలా?"

"కూర కలబెడతా వీధి సూడాలంటే ఎట్ల మరి? ఎవురొస్తాండారో, ఎవురు పోతాండారో తెలవొద్దూ?"

లిడియా నవ్వు ఆపుకోలేకపోయింది. ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగి చూసేదాకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకొని, "నిన్ను లెక్కలోంచి తీసేయాల అత్తమ్మా" అంది.

"ఏందీ?"

"సొంత బంధువులను లెక్కలో పెట్టకూడదు. పాలోడు అది కూడా అడిగినాడు."

"ఇన్నేండ్లు నీకు వండి పెడితే, నన్ను లెక్కలోంచి తీసేస్తావా! పేరు ల్యాక, ఊరు ల్యాక, వానెవుడో చెప్తే అత్తను తీసేస్తావా?" కరుణమ్మ అన్న మాట బస్సంతటికీ వినబడింది. కండక్టరు తీర్పు చెప్పడానికన్నట్టు వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు ఇంట్లో కోడలి కంచంలో కూర విసురుగానే పడింది.

లిడియా వ్యాసాన్ని మొదటి నుంచి మళ్లీ రాసింది. సుధీర్ చెప్పిన లైను కొట్టేసింది. అందరూ చూసుకుంటున్నామన్నారు, ఇండ్లకు వెళ్లి చూస్తే ఎక్కువమంది చూసుకోవడం లేదు. అలా ఎందుకన్నారో, అద్దాలు ఎక్కడెక్కడికి చేరాయో, ఇచ్చేటప్పుడు తాను ఏమి ఆలోచించలేదో, వేముల దారిలోని ఆలుమగలు ఒకరి కాలు ఒకరు ఎలా చూస్తారో అన్నీ రాసింది. సూది సంగతి రాయడానికి అమీనాబీని అడిగితే ఆమె సంతోషంగా ఒప్పుకుంది. కానీ పేరు వెయ్యరని తెలిసి మూతి ముడుచుకుంది.

"సూది నాది, కాలు నాది. పేరెందుకెయ్యరు?"

"రోగి పేరు బయటపెట్టకూడదత్తా. అది మా నియమం."

"మీరు బయట పెట్టగూడదు. నేను పెట్టుకోవచ్చు గదా?"

దానికి ఏ నియమమూ అడ్డం లేదు. మర్నాటికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది, పుస్తకంలో పడబోయే కాలు ఎవరిదో.

కొత్త వ్యాసం చూసి సుధీర్ తల పట్టుకున్నాడు. "మేడం, మన పరిశోధన పారలేదని మనమే రాసుకుంటే ఎవరేస్తారు? ప్రమోషన్ చేతికొచ్చినట్టే వచ్చి పోతాది, చూసుకోండి."

సుధీర్ చెప్పిందాంట్లో సగం నిజమైంది. మళ్లీ రాసి, మళ్లీ పంపి, మళ్లీ వాళ్లు చదివేసరికి తనిఖీ వాళ్లు వచ్చి పోయారు. ప్రమోషన్ ఆ ఏటికి దాటిపోయింది. ప్రిన్సిపాల్ కొన్నాళ్లు ముఖం చాటేశాడు. లిడియా రెండు రోజులు మనసులో బాధపడింది, మూడో రోజు ప్రిన్సిపాల్ గారి చెప్పులు బిగుతుగా ఉన్నాయని ఆయనతోనే చెప్పి వచ్చింది.

వ్యాసాన్ని మాత్రం తీసుకున్నారు. రెండో పాలోడు ఈసారి రెండే వాక్యాలు రాశాడు: 'ఇప్పుడు నమ్ముతున్నాను. ఒకరి పాదం ఒకరు చూసే పద్ధతిని తర్వాత పరీక్షించండి.'

లిడియా ఆ మాటలు చదివి వినిపిస్తే అమీనాబీ పట్టు పట్టింది. ఆ మనిషి ఎవరో కనుక్కోవాల్సిందే, తన చేతులతో కుచ్చులేసిన చీర ఒకటి పంపాల్సిందే.

"ఎవరో తెలీదత్తా. ఆడో మగో కూడా తెలీదు."

"మగోడైతే పెండ్లాం కట్టుకుంటాది. పంపు."

"ఊరు తెలీదు, పేరు తెలీదు. యాటికి పంపేది?"

"పోనీలే. దువా చేస్తా."

పక్కనున్న కరుణమ్మకు అప్పటికి కోపం చల్లారింది గానీ అనుమానం చల్లారలేదు. "పేరే తెలీకుంటే, ఎవురికని దువా చేస్తావే?"

"నీకు తెల్దు, నాకు తెల్దు. అల్లాకు గూడా తెల్దంటావా?"

ఇప్పుడు సాయంత్రమైతే ఆ ఇద్దరూ కరుణమ్మ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుంటారు. కరుణమ్మను లెక్కలోంచి తీసేశారు గానీ అరుగు మీంచి ఎవరు తీస్తారు? ఒకరి కాలు ఒకరి ఒళ్లో పెట్టుకుంటారు. కళ్లజోళ్లు ముక్కు చివరికి జారుతాయి. వీధిలో పోయేవాళ్లకు ఒక్క లిడియా భయం చాలక, ఈ ఇద్దరి భయం కూడా తోడైంది. ఆ అరుగు దగ్గరికొచ్చేసరికి ఎదుటి వైపుకు తప్పుకొని నడుస్తారు.

"ఏదీ, తిప్పు" అంటుంది కరుణమ్మ.

"నిన్ననే చూస్తివి గదే. బాగుందంటివి."

"నిన్నటి మాట నిన్నటితో పాయె. ఈపొద్దు చూపించు."

"చూసుకున్నాలే, పొద్దున."

"నువ్వు 'తిన్నా' అన్నా నేను నమ్మను" అని కరుణమ్మ ఆ పాదాన్ని పట్టుకొని తనవైపుకు తిప్పుకుంటుంది.